కాలరు పైన నాలుగు వేళ్లు

టప్‌మని ఒకే ఒక్క చప్పుడు.

నీ చేతిలోని హ్యాక్సా ఫ్రేము ముందుకు జారిపోతుంది. దాని వెంటే నీ పిడికిలి. వేళ్ల గణుపులు వెళ్లి ఇనుప పైపుకు తగులుతాయి. తోలు లేచింది. రక్తం ఇంకా రాలేదు, వస్తుంది.

బ్లేడులో సగం ఫ్రేముకు వేలాడుతోంది. మిగతా సగం ఏది? కిందికి చూడు. ముందు బోరు నోరు చూడు. కేసింగుకూ పైపుకూ మధ్య సందులో కూరిన గోనెపట్టా మీద పడి ఉంది. ఆ పట్టా లేకపోతే ఈ పాటికి అది ఎన్ని వందల అడుగుల కింద ఉండేదో.

"కండ్లు బాగుండాయా అల్లుడా?"

మెకానిక్ మామ అడిగే మొదటి మాట అది. వేళ్ల సంగతి అడగడు. బ్లేడు విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. నీ ముఖమేమో పైపుకు మూరెడు దూరంలో ఉంది.

పైపు మీద పడిన గాట్లోంచి నీళ్లు చిమ్మి నీ చొక్కా తడుపుతున్నాయి. బోరు నీళ్లు, కాస్త వెచ్చగా, తుప్పు వాసనతో. వెనక్కి జరుగు. జాగ్రత్త, కాళ్ల కింద ఎర్రమన్ను బురదైపోయింది. పొద్దున్నుంచి విప్పిన ప్రతి పైపూ తన కడుపులోని నీళ్లు ఇక్కడే కక్కింది.

నార్పల దాటి వచ్చాక ఎర్రచేల నడుమ ఒక చీనీ తోట. మే నెల, మధ్యాహ్నం రెండు. చెట్ల మీద కాయలు నిమ్మకాయంత అయ్యాయి, కింద రాలినవీ ఉన్నాయి. మోటరు ఆగిపోయింది. తడి లేక చెట్టు కాయ వదిలేస్తోంది. ఈ అనంతపురం నేల మీద ఏడాదంతా పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అంతా ఒకచోట నిలబెడితే నీ మోకాలి పైకి బెత్తెడు రాదు. నీళ్ల కోసం మీ నాయన దిగింది మాత్రం 600 అడుగులు.

ఇప్పుడు నీ ముందున్నదేమిటో సరిగ్గా చూడు. మూడు ఇనుప కాళ్ల స్టాండు. దాని కొనన చైన్ బ్లాకు. కొక్కేనికి 20 అడుగుల జీఐ పైపు ఒకటి నిటారుగా వేలాడుతోంది. పైపు అడుగు కొస ఒక కాలరులోకి దిగి ఉంది. పైపునూ పైపునూ కలిపే మరల తొడుగు అది. కాలరు కింద ఇనుప క్లాంపు. క్లాంపు రెక్కలు కేసింగు అంచు మీద ఆనుకుని ఉన్నాయి. అక్కణ్ణించి కిందికి, చీకట్లోకి, ఇంకా 18 పైపులు. వాటి చివర మోటరు.

ఒకటిన్నర అంగుళం పైపు 20 అడుగులది 20 కిలోలు దాటి తూగుతుంది. 18 పైపులు, వాటిలో నిలిచిన నీళ్లు, పంపు, మోటరు, కేబులు. 600 కిలోలకు తగ్గదు. ఆ బరువంతా నీ మోకాళ్ల ముందున్న రెండు బోల్టుల మీద ఉంది.

మొదటి పైపులన్నీ రెంచికి లొంగి వచ్చాయి. ఇది మొండికేసింది. తుప్పు పట్టి కాలరూ పైపూ ఒకటైపోయాయి. రెండు రెంచీలు వేశారు, రెంచి కాడకు పైపు తొడిగి ఇద్దరు వేలాడారు. కాలరు తిరగలేదు. దాని బదులు కింద బోరులో ఉన్నదంతా తిరిగింది. క్లాంపు కేసింగు మీద కిర్రుమంది. "ఆపండప్పా!" అని మామ అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది. అందుకే కోత.

ఎక్కడ కోయాలో మామ సుద్దతో గీసిపెట్టాడు. కాలరు పైన నాలుగు వేళ్లు. కింద ఎందుకు కాదు? క్లాంపు నున్నటి పైపును పట్టుకుని ఉంది, కాలరు దాని మీద కూర్చుని ఉంది. పట్టు జారినా కాలరు క్లాంపులోంచి దిగదు. కాలరు కింద కోశావంటే ఆ అడ్డు పోతుంది. తర్వాత మిగిలేది బోల్టుల బిగువొక్కటే.

మరి గ్రైండరు? నీకూ అదే అనిపిస్తోంది కదా. బోరు కరెంటు ఫ్యూజులు పొద్దునే పీకి మామ జేబులో వేసుకున్నాడు. లైను ఉన్నా ఆయన ఒప్పుకోడు. పైపు వెంబడే మోటరు కేబులు కట్టి ఉంది. గ్రైండరు రాయి తప్పి దాని మీద పడిందంటే ఇంకో ఖర్చు. చెయ్యైతే ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగుతుంది.

మామ విరిగిన ముక్కను ఎండకు ఎత్తి చూపిస్తాడు. మధ్యలో వరసగా పళ్లు లేవు.

"అంగుళానికి ఎన్ని పండ్లో లెక్కబెట్టు."

గోరుతో లెక్కబెడతావు. 14. పన్నుకూ పన్నుకూ మధ్య 1.8 మిల్లీమీటర్లు. మందపాటి ఇనుము కోసే బ్లేడు ఇది, ఎప్పుడో యాంగిళ్లు కోసిన పనిలో మిగిలి మామ పెట్టెలో పడింది. నీ పైపు గోడ మందం 3.2 మిల్లీమీటర్లు. గోడ మీద ఒకేసారి రెండు పళ్లు కూడా నిలబడవు. ఒక పన్ను గోడ దాటి లోపలి ఖాళీలోకి దిగుతుంది, వెనక వచ్చే పన్ను గోడ అంచుకు ఢీకొంటుంది. అది విరుగుతుంది. దాని వెనకది. దాని వెనకది. గోడ మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఉండాలి. ఈ పైపుకు అంగుళానికి 24 పళ్లది కావాలి. 32 ఉన్నా సరే, మెల్లగా తెగుతుంది, అంతే.

పెట్టెలో ఇంకో బ్లేడు ఉంది. 24 పళ్లదే. నీ ముఖం వెలుగుతుంది. ఫ్రేముకు ఒక కొస తగిలిస్తావు, రెండో కొస అందదు. అది 10 అంగుళాలది, ఫ్రేము 12 అంగుళాలది. జరిపే ఫ్రేములైతే 10కీ 12కీ రెండింటికీ సరిపోతాయి. ఇది వెనక వెన్ను ఒకే కడ్డీగా ఉన్న పాతకాలపు ఫ్రేము. బైండింగ్ వైరుతో ముడేసి లాగితే?

"కట్టు. కట్టి సూడు. ఈ తూరి గణుపులు కాదు, వేలే పోతాది."

మామ చెప్పేదీ నిజమే. బ్లేడు కోసేది తన బలంతో కాదు, బిగువుతో. వైరు ఒక్క దారం సాగినా బ్లేడు మెలి తిరుగుతుంది.

రెండే దారులు. బరువంతా క్లాంపు మీదే వదిలి రేపటికి వాయిదా వేయడం. లేదా బండి తీయడం. మీ నాయన ఒక మాట మాట్లాడడు, వెళ్లి క్లాంపు పక్కన తుండుగుడ్డ పరుచుకుని కూర్చుంటాడు. అది జారితే ఆయన ఆపగలిగింది ఏమీ లేదు. అయినా అక్కణ్ణించి లేవడు.

బండి తీయి.

నార్పల బజారులో హార్డ్‌వేర్ అంగడి. లోపల చీకటి, గ్రీజు వాసన, గోడంతా పైపు బెండ్లు. కళ్లు అలవాటు పడేదాకా నిలబడు.

"12 అంగుళాల యాక్సా బ్లేడన్నా. పైపుకు."

అంగడాయన నాలుగు రకాలు బల్ల మీద పడేస్తాడు. అన్నీ 12 అంగుళాలే. అన్నీ నీ ఫ్రేములో దూరతాయి. పొడవంటే బ్లేడు ఈ కొస నుంచి ఆ కొసకు కాదు, ఈ బెజ్జం నడుమ నుంచి ఆ బెజ్జం నడుమకు 300 మిల్లీమీటర్లు. హ్యాక్సా బ్లేడ్లకు ఐఎస్ 2594 అని మన దేశపు ప్రమాణమే ఉంది. ఆ కొలతల పుణ్యమా అని ఏ ఊరి ఫ్రేములోకైనా ఏ కంపెనీ బ్లేడైనా ఎక్కుతుంది. మనకు చిక్కు వచ్చేదీ అక్కడే. ఎక్కింది కదా అని కోయడం మొదలుపెడతాం.

మొదటిది తీసుకో. నీలం రంగు, టీ డబ్బులతో వచ్చేస్తుంది. మీద అచ్చయిన పేరు ఎక్కడో చూసినట్టే ఉంది, ఒక అక్షరం మాత్రం తేడా. పక్కనే హైస్పీడ్ స్టీలని అచ్చు. అచ్చు వేయడానికి రంగుంటే చాలు. ఆ కట్టలోంచే ఇంకోటి అడుగు, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టు. ఒకవైపు బెజ్జాలు కలిశాయి. రెండోవైపు? వెంట్రుకవాసి పక్కకు ఉంది. ఫ్రేములో బిగిస్తే ఈ బ్లేడు ఒక అంచున బిగిసి, ఇంకో అంచున వదులుగా ఉంటుంది.

ఇప్పుడు తుపాకి గురి చూసినట్టు ఒక కన్ను మూసి పళ్ల వరస వెంబడి చూడు. పళ్లు నిటారుగా ఉండకూడదు. పెద్ద పళ్లవైతే ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వాలి ఉండాలి, సన్నపళ్లవైతే వరసంతా అలలా అటూ ఇటూ వంకర పోవాలి. ఆ వాలు వల్లే బ్లేడు మందం కంటే గాటు వెడల్పవుతుంది, బ్లేడు గాట్లో ఇరుక్కోకుండా ఆడుతుంది. ఈ నీలం బ్లేడులో అలలు మధ్యదాకా వచ్చి, అక్కణ్ణించి ఒకేవైపు ఒరిగిపోయాయి. దీనితో నేరుగా కోద్దామన్నా గాటు పక్కకు నడుస్తుంది. సుద్దగీత మీద మొదలుపెట్టి కాలరు మీద తేలతావు.

"అన్నా, ఆకురాయి ఉందా?"

అంగడాయన నిన్ను ఎగాదిగా చూస్తాడు. ఇస్తాడు. పన్ను కొన మీద ఆకురాయి మెల్లగా రుద్దు. పళ్లు గట్టివైతే ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ కరకరమని పట్టింది. పన్ను కొన తెల్లగా మెరుస్తోంది. ఇనుము కోయాల్సిన పన్నును ఆకురాయి కొరికేసింది. ఒకవేళ గట్టిదే దొరికినా, మామూలు కార్బన్ స్టీలుకు వేడి పడదు. కోత దగ్గర 200 డిగ్రీలు దాటిందంటే దాని గట్టిదనం దిగిపోవడం మొదలవుతుంది. హైస్పీడ్ స్టీలు 500 దాటినా నిలుస్తుంది. ఆవేశంగా, ఆయిల్ లేకుండా, నీళ్లు లేకుండా గబగబా లాగేవాడి చేతిలో చవక బ్లేడు పది నిమిషాల్లో నున్నబడేది అందుకే.

రెండోది అసలైన హైస్పీడ్ స్టీలు, వెన్ను నుంచి పన్ను దాకా గట్టిది. పళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. వంచబోతే అంగడాయన చెయ్యి పట్టుకుంటాడు. "వంచితే నువ్వే కొనాల." ఇది వైసులో బిగించిన వస్తువును, బల్ల ముందు నిలబడి, తిన్నగా కోసేవాడికి. నీ పైపు గాల్లో వేలాడుతోంది. నువ్వు బురదలో మోకాళ్ల మీద ఉంటావు. చెయ్యి రవ్వంత పక్కకు తిరిగినా ఇది వంగదు, పగులుతుంది. పక్కన పెట్టు.

మూడోది 18 పళ్లది. పక్కన పెట్టు.

నాలుగోది. పళ్ల కింద సన్నగా గోరుతో రంగు గీకు. వెంట్రుకంత గీత ఒకటి బ్లేడు పొడవునా కనిపిస్తోందా? అక్కడ రెండు లోహాలు అతికాయి. పళ్ల వైపు హైస్పీడ్ స్టీలు, వెన్ను వైపు స్ప్రింగులా సాగే స్టీలు. బైమెటల్ అంటారు. ఆకురాయి పళ్ల మీద జారిపోతుంది, వెన్ను మీద పట్టుకుంటుంది. రెండు కొసలు పట్టుకుని వంచు. ఇంకా వంచు. దాదాపు గుండ్రమైంది. వదులు. తిన్నగా నిలబడింది. ధర మొదటిదానికి నాలుగైదు రెట్లు చెబుతాడు. పైపుకు ఒక బ్లేడు చాలునేమో. రెండు తీసుకో.

వచ్చేస్తుంటే ఇంకో పని గుర్తొస్తుంది. బండి డిక్కీలో తోట రంపం ఉంది, చీనీ చెట్ల ఎండుపుల్లలు కోసే మడత రంపం. దాని బ్లేడు అరిగింది. అది చూపిస్తే అంగడాయన నవ్వి, బల్ల కింది నుంచి ఒక అట్టపెట్టె లాగుతాడు. నిండా రంపం బ్లేడ్లు. ఒక్కోదానికి బెజ్జం ఒక్కోచోట, తోక ఒక్కో ఆకారం. నీ రంపానికి ఒక్కటీ పట్టదు. తోట రంపాలకు హ్యాక్సాలాంటి ఉమ్మడి కొలత లేదు. ఏ కంపెనీ రంపానికి ఆ కంపెనీ బ్లేడే, ఒకే కంపెనీలో కూడా ఈ మోడలుది ఆ మోడలుకు ఎక్కదు. సానబెడదామా? పన్ను కొనలు నల్లగా కమిలినట్టు ఉన్నాయి చూడు. ఆ కొనల్ని మాత్రం ఒక్క క్షణం మహా వేడి చేసి గట్టిపరుస్తారు. మన వడ్రంగి మూడు మూలల ఆకురాయి వాటి మీద జారడమే తప్ప తెగదు. అరిగితే పారేయాల్సిందే. కొనేనాడు పిడి నునుపు చూసి మురిసిపోతాం. దీని బ్లేడు మళ్లీ ఎక్కడ దొరుకుతుందని అడిగేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

దాన్ని డిక్కీలోనే ఉంచు. పొద్దు వాలుతోంది.

మీ నాయన అక్కడే ఉన్నాడు. చైన్ దగ్గర ఇద్దరు కూలీలు బీడీలు ఆర్పుతారు. గాట్లోంచి నీళ్లు ఆగిపోయాయి, పైపులో పైనున్నవన్నీ కారిపోయాయి.

ఫ్రేము తీసుకో. ముందు పిన్ను చూడు. పిడి వైపు పిన్ను ఉంది. ముందు వైపు పిన్ను ఎప్పుడో ఊడిపోయి, ఆ స్థానంలో ఎవరో మేకు వంచి పెట్టారు. మేకు బెజ్జం కంటే సన్నం. బ్లేడు దాని మీద ఒరుగుతుంది. మంచి బ్లేడునైనా విరగ్గొట్టేందుకు అదొక్కటి చాలు. మామ పెట్టె బోర్లించి సరైన లావు బోల్టు ఒకటి వెతికి తీసి, మేకును తోటలోకి విసిరేస్తాడు.

బ్లేడు మీద చిన్న బాణం గుర్తు ఉంది. అది ఎటు చూడాలి? నీ నుంచి దూరంగా, ముందుకు. హ్యాక్సా ముందుకు తోసేటప్పుడు కోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఊరికే వస్తుంది. తిప్పి పెట్టినా బ్లేడు చక్కగా ఎక్కుతుంది, ఫ్రేము నిన్ను హెచ్చరించదు. రెక్కల నట్టు బిగించు. చేతికి ఆడేది పోయాక ఇంకో రెండు మూడు చుట్లు. గోరుతో మీటు. తీగలా ఖంగుమనాలి. ఖంగుమంది.

మోకాళ్ల మీద కూర్చుని బ్లేడు కొసను పాత గాట్లో పెట్టబోతావు.

"యాడ పెడతాండావ్?"

ఆగు. పాత గాటు మూడో వంతు తెగి సిద్ధంగా ఉంది. అక్కణ్ణించే కొనసాగిస్తే పని తక్కువ. కానీ ఆ గాటు కోసింది అరిగిన బ్లేడు. దాని పళ్ల వాలు అరిగి గాటు సన్నగా పడింది. నీది కొత్త బ్లేడు, వాలు నిండుగా ఉంది. సన్నటి గాట్లోకి లావు పన్ను. నాలుగు తోపుల్లో ఇరుక్కుంటుంది, అయిదో తోపులో పళ్లు పోతాయి. ఎన్నో మంచి బ్లేడ్లు కొన్న అరగంటలోనే చచ్చేది ఇలాగే.

ఏం చేస్తావు?

లేచి పైపు అవతలికి వెళ్లు. సుద్దగీత అటు కూడా ఉంది. అక్కణ్ణించి కొత్త గాటు మొదలుపెట్టు. రెండు గాట్లూ నడుమ కలుస్తాయి. కలవకపోతే అప్పుడు చూద్దాం.

కేబులును పక్కకు లాగి తడిగోనె చుట్టారు. కేసింగు సందులో పట్టా మళ్లీ కూరారు. మామ తన నల్లద్దాలు తీసి నీ ముఖానికి తగిలిస్తాడు. చెమట వాసన. ఒక కూలీ చైను పట్టుకున్నాడు, ఇంకో కూలీ ఇటువైపు పైపును చేత్తో ఆనించి పట్టుకున్నాడు.

బొటనవేలి గోరు ఆనించి మొదటి గాటు. మెల్లగా. ముందుకు తోసేటప్పుడే బరువు వేయి. వెనక్కి ఒట్టిదే. బ్లేడు నిండా వాడు, మధ్య జానెడు మాత్రమే కాదు. నిమిషానికి 40, 50 తోపులు, అంతకు మించవద్దు. చప్పుడు మారింది విన్నావా? ఇందాక అది గీకుడు. ఇది కోత. ఇనుప పొడి నల్లగా రాలి నీ మోకాళ్ల మీద పడుతోంది. మామ చెంబుతో నీళ్లు చుక్కలు చుక్కలుగా వదులుతున్నాడు.

గోడ తెగింది. లోపలి ఖాళీ తగిలింది. ఇప్పుడు రెండు పక్కలా గోడలే. ఇందాక బ్లేడు పళ్లు రాలింది సరిగ్గా ఈ చోటే.

తోయి.

పళ్లు నిలబడ్డాయి.

సగం. సగం దాటింది. చేతులు మండుతున్నాయి. గణుపుల నుంచి రక్తం కారి పిడి జారుతోంది. తుడుచుకో. మళ్లీ పట్టుకో.

బ్లేడు బరువెక్కింది.

ఇంకో తోపు. సగంలో ఆగింది. వెనక్కి రాదు. ముందుకు పోదు. గాటు మూసుకుంటోంది. పై పైపు నీ బ్లేడు మీద కూర్చుంటోంది.

లాగాలనిపిస్తుంది. లాగకు. మెలి తిప్పాలనిపిస్తుంది. వద్దు.

"మామా, పట్టేసింది!"

"గమ్మునుండు. సెయ్యి తీయగాకు. సైనూ, ఒక్క లింకు. ఒక్కటే!"

చైను టక్కుమంటుంది. ఎక్కువ లేపితే? కింది బరువు కూడా చైనెక్కుతుంది. అప్పుడు తెగిన క్షణాన పైపు మీదికి ఎగురుతుంది. తక్కువైతే నీ బ్లేడు నలుగుతుంది. మామ చెయ్యి పైపు మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"ఇంగ అర లింకు."

టక్.

గాటు తెరుచుకుంది. వెంట్రుకంత. చాలు. బ్లేడు కదిలింది.

తోయి. మెల్లగా. తోయి.

క్లాంపు కిర్రుమంది.

అందరూ ఆగారు. మీ నాయన చెయ్యి ఎత్తాడు. బోల్టు చూశాడు. కాలరు చూశాడు. క్లాంపు మీదే కూర్చుని ఉంది. తల ఊపాడు.

తోయి.

ఇంక వేలెడు. పాత గాటు అవతల కనిపిస్తోంది. ఒకే ఎత్తులో లేదు. రెండు నూలులు కింద. నడుమ మెట్టులా కొంచెం ఇనుము మిగులుతుంది. అక్కడిదాకా వచ్చావు. ఇంకా కోస్తే బ్లేడు పాత గాట్లోకి జారి పడుతుంది.

"సాలు. బ్లేడు తియ్. లెయ్. పక్కకు పో. పక్కకు!"

లేచావు. కాలు జారింది. నిలదొక్కుకో. ఇద్దరు కూలీలు పైపును మీదుగా పట్టుకుని అటు వంచారు. ఇటు. మళ్లీ అటు.

ఖణ్.

పైపు విడిపోయింది. చైనుకు వేలాడుతూ ఊగింది. తెగిన కొస, రంపపు వాదర, నీ పొట్ట ఎత్తున, నీ వైపే వస్తోంది.

పట్టుకుంటావా?

పట్టుకోకు. వెనక్కి.

ఒక అడుగు. ఇంకొకటి. చొక్కా ముందు నుంచి దాటిపోయింది. తిరిగి అటు ఊగింది. ఇటు వచ్చేసరికి మామ గోనెసంచి విసిరి కొసను దాంతో చుట్టి పట్టుకున్నాడు.

క్లాంపు కదల్లేదు. కాలరు దాని మీద, కాలరు మీద నాలుగు వేళ్ల మొండి పైపు.

నీ చేతిలో బ్లేడు ఉంది. పళ్లన్నీ ఉన్నాయి. మామ దాన్ని తీసుకుని వేలితో నిమిరి, ముందు రెక్కల నట్టు రెండు చుట్లు వదులు చేస్తాడు. పని లేనప్పుడు బిగువుగా ఉంచితే వంగేది ఫ్రేము, తర్వాత ఎంత మంచి బ్లేడు పెట్టినా వదులే.

తక్కిన పైపుల్లో ఇంకొక్కటి మొండికేసింది. అదీ అదే బ్లేడుతో తెగింది, అంత కథ జరగలేదు. పొద్దు గూకే వేళకు మోటరు పైకి వస్తుంది. మామ వాసన చూసి ముఖం తిప్పుకుంటాడు. వైండింగు కాలింది. నీళ్లు దిగిపోయాక ఒట్టిగా తిరిగింది. అనంతపురంలో రీవైండింగుకు రేపు. అప్పటికి తోటకు ట్యాంకరు.

మీ నాయన కోసిన పైపు ముక్కను కాలితో పొర్లిస్తూ నిలబడతాడు. మర కనిపించడం లేదు, అంతా తుప్పే.

"ఈ తూరి ఇనుము వద్దప్పా. నల్లపైపు ఏసేద్దాం. అందరూ అదే ఏస్తాండారు."

"ఏద్దాం," అంటాడు మామ. పెట్టె సర్దుతూ నీ వైపు తిరుగుతాడు. "అల్లుడా, దానికి ఈ బ్లేడు పనికిరాదు. ప్లాస్టిక్కు కరిగి సన్నపండ్ల మద్దెన కూరకపోతాది. అంగడాయన 18 పండ్లదో, ఇంకా పెద్ద పండ్లదో సూపిచ్చినాడా?"

చూపించాడు. నువ్వు పక్కన పెట్టావు.

"ఎన్నింటికి మూస్తాడు అంగడి?"

బండి తాళం జేబులోనే ఉంది.